పొగడకూడని ఎనుము

పెళ్లిళ్లలో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లు "మీరేం ఉద్యోగం చేసి రిటైరయ్యారమ్మా?" అని అడిగితే నాకు ఇప్పటికీ ఇబ్బందే. టీచరంటే ఒక్క మాటలో అయిపోతుంది. నర్సన్నా అంతే. నా ఉద్యోగం గురించి చెప్పడం మొదలుపెడితే విస్తట్లో అన్నం చల్లారిపోతుంది. మనుషులకూ జంతువులకూ వాటి చుట్టూ ఉన్న నేలకూ నీళ్లకూ మధ్య సంబంధం ఎలా ఉందో పరిశోధించి, తెలిసింది బడిపిల్లలకూ రైతులకూ చెప్పే ఒక చిన్న కేంద్రంలో, నంద్యాలలో, నా సర్వీసంతా గడిచింది. ఒకసారి ఇదంతా ఓపిగ్గా వివరిస్తే పక్కాయన సాంబారు కలుపుకుంటూ, "అంటే ఎనుముల డాక్టరా?" అన్నాడు. అవునని ఊరుకున్నాను.

ఇప్పుడు ఇలాంటి చదువులు చదివి ఇలాంటి ఉద్యోగాల్లోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను పిలిచి నాలుగు అనుభవాలు చెప్పమంటున్నారు. సిద్ధాంతాలు మీకే బాగా తెలుసు కాబట్టి వాటి జోలికి పోను. ఒక ఎనుము పాలివ్వడం మానేసిన సంగతి చెబుతాను. మీలో కోస్తా నుంచి వచ్చినవాళ్లు ఉంటే వాళ్ల కోసం ముందే చెబుతున్నాను, మీరు గేదె అనేదాన్నే మేం ఎనుము అంటాం.

మా కేంద్రం పశువుల మందులు అమ్మే అంగడి పైన ఉండేది. మెట్లెక్కి వచ్చేవాళ్లలో సగం మంది నట్టల మందు కోసం దారి తప్పి వచ్చినవాళ్లే. మా డైరెక్టరుగారు మంచివాడు. కాకపోతే ఆయనకు ఫ్లెక్సీల పిచ్చి. ఏ పనికైనా ముందు ఫ్లెక్సీ, తర్వాతే పని. పాములను చంపకండి అని పాఠం చెప్పడానికి నేను గోస్పాడు బడికి పోతే, నాకన్నా ముందు పడగ విప్పిన నాగుపాము ఫ్లెక్సీ పోయి గేటుకు వేలాడుతోంది. దాన్ని చూసిన వంట ఆయమ్మ ఆ రోజు బడిలోకే రాలేదు. పిల్లలు నా పాఠం ఆకలి కడుపులతో విన్నారు.

ఇక మా లెక్కల సారు. కృష్ణా జిల్లా మనిషి. మేం పోగుచేసి తెచ్చిన జవాబులను అంకెలుగా మార్చి బొమ్మలు గీసి చూపడం ఆయన పని. ఎంత మర్యాదస్తుడంటే, వాకిట్లో అడ్డంగా పడుకున్న కుక్కను కూడా "కాస్త జరగండి" అనేవాడు.

నేను రిటైరవడానికి కొద్ది ముందు, బెంగళూరులోని ఒక పెద్ద సంస్థ మాకొక పని అప్పజెప్పింది. ఏ ప్రాంతంలో జనానికి తమ పశువుల మీద ఎంత ప్రేమ ఉందో కొలవాలి. కొలవడానికి కొన్ని వాక్యాలు పంపారు. ఎక్కడో దూరదేశంలో కుక్కలనూ పిల్లులనూ పెంచుకునేవాళ్ల కోసం తయారుచేసినవి. వాటిని తెలుగు చేసే భారం నా మీద పడింది. "నా జంతువును చూస్తే నాకు గర్వంగా ఉంటుంది." "నా జంతువు అందం గురించి ఇతరులకు గొప్పగా చెబుతాను." "నా జంతువు ఫొటోలు అందరికీ చూపిస్తాను." ఇలా ఉంటాయి. రైతు ఒక్కో వాక్యం విని, ఒప్పుకుంటానో ఒప్పుకోనో చెప్పాలి. ఎంత ఒప్పుకుంటే అంత ప్రేమ ఉన్నట్టు.

అవి రాస్తున్నప్పుడు నా కలం ఒకటి రెండు చోట్ల ఆగింది. సొంత పశువును గొప్పగా చెప్పుకుంటే దిష్టి తగులుతుందని ఈ ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. అయితే మాది చర్చి కుటుంబం. మా నాయన సండే స్కూలు నడిపేవాడు. మా ఇంట్లో దిష్టి అనే మాట నిషేధం. మా అమ్మ మాత్రం నా పిల్లల బుగ్గ మీద కాటుక చుక్క పెట్టి, "ఇది అందానికే" అని మా నాయన వైపు చూసేది. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి, దిష్టి సంగతి బాగా తెలిసి కూడా తెలియనట్టు ఉండటం నాకు అలవాటే. కలం మళ్లీ కదిలింది.

ఆళ్లగడ్డ దాటి చాగలమర్రి వైపు పోయే దారిలో ఒక ఊరు ఎంచుకున్నాం. నేను అడగడం, లెక్కల సారు రాసుకోవడం. మొదటి ఇంట్లోనే మా పరిశోధన ఎటు పోతోందో అర్థమైంది. ఆ రైతు ఎద్దు కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, మెడలో మువ్వలు. నేను గర్వం గురించి అడిగాను.

"ఏం గర్వముప్పా దీన్తో? ఎద్దు ఎద్దే. పని చేస్తే మేతేస్తాం" అన్నాడు. అంటూనే తన భుజం మీది తుండుగుడ్డతో దాని కళ్ల కింద మెత్తగా తుడిచాడు. లెక్కల సారు "ఒప్పుకోను" అని రాసుకున్నాడు.

తర్వాత మేకలు మేపే ఒకామె. "మ్యాక అందమేందక్కా, కోసేదానికే గదా సాకేది" అంది.

"దీన్ని కూడానా?" అని ఆమె కాళ్లకు చుట్టుకుని తిరుగుతున్న పిల్లను చూపించాను.

"దీన్నెందుకు కోస్తాం? ఏం మాట్లాడతాండావ్ నువ్వు!" అని నా మీదికి వచ్చింది. లెక్కల సారు దానికీ "ఒప్పుకోను" అనే రాశాడు.

ఊరి చివర ఇల్లు పెద్దమ్మది. ఊరంతా ఆమెను అలాగే పిలుస్తారు. ఒకప్పుడు కాడెడ్ల మీద కాడెడ్లు ఉన్న పాతకాలపు సేద్యగాళ్ల ఇల్లు. బోర్లు ఎండిపోయాయి. ఆమె భర్త పెద్దాయన తుంటి విరిగి నులక మంచానికి అంకితమయ్యాడు. మిగిలింది ఒక్క ఎనుము. దాని పాలు హైవే పక్కన టీ హోటలుకు పోతాయి, ఆ పాల మీదే ఇల్లు నడుస్తోంది. ఎనుమును చూస్తే మాత్రం కరువు ఛాయలేమీ లేవు. ఆముదం రాసి తోమిన నలుపు, సూటిగా చూసే కళ్లు, నడుస్తుంటే అటూ ఇటూ ఊగే పొదుగు.

"అందమా? దీనికా?" అంది పెద్దమ్మ. "సరీగ చూడు మేడం. ఒంటి మింద ఒక్క యంటిక సక్కంగ లేదు. పాలంటావా, పిల్లి తాగేదానిక్కూడా చాలవు. ఏదో పడుంది, కొట్టంలో ఒక మూల."

ఇన్ని ఇళ్లలో ఇన్ని అబద్ధాలు ఓపిగ్గా రాసుకున్న లెక్కల సారు ఇక్కడ ఆగలేకపోయాడు. కలం జేబులో పెట్టేశాడు.

"అదేంటండీ పెద్దమ్మగారూ, అలా అనేశారు! మా వైపు కూడా ఇంత చక్కటి గేదెని చూడలేదండీ నేను. ఎంత నిగనిగలాడిపోతోందో! ఆ పొదుగు చూడండి, బిందెలా లేదూ? పూటకి ఎన్ని లీటర్లు ఇస్తుందండీ?"

మంచం మీద పెద్దాయన లేచి కూర్చున్నాడు. పెద్దమ్మ ఒక్క అంగలో లెక్కల సారుకూ ఎనుముకూ మధ్యకు వచ్చి, కొంగు విప్పి పొదుగుకు అడ్డం పట్టి, థూ థూ అని పక్కకు ఉమ్మింది.

"బేగా పొండి సారూ. నాకు పనుంది."

లెక్కల సారుకు ఏమీ అర్థం కాలేదు. పోతూ పోతూ మర్యాద కొద్దీ, "రిపోర్టులో పెడతానండీ" అని ఎనుముకు ఒక ఫొటో తీశాడు. ఫ్లాష్ పడి ఎనుము తల విదిలించింది. బస్సులో ఆయనకు సంగతంతా చెప్పాను. "కానీ మేడం, నేను నిజమే చెప్పానండీ" అన్నాడు బాధగా. నిజమే చెప్పాడు, వచ్చిన చిక్కంతా అదే.

ఆ తర్వాత మీటింగులో లెక్కల సారు గోడ మీద బొమ్మ వేసి చూపించాడు. ఒక్కో ప్రాంతానికి ఒక్కో గీత. మా ప్రాంతపు గీత కనబడక డైరెక్టరుగారు లేచి గోడ దగ్గరికి వెళ్లి వెతుక్కున్నారు. పశువుల మీద ప్రేమలో మేం అందరికన్నా కింద. ఆయన కాసేపు దిగులుపడి, అంతలోనే తేరుకున్నారు. ప్రేమ లేనివాళ్లకు ప్రేమ నేర్పాలి, నేర్పాలంటే శిబిరం పెట్టాలి, శిబిరమంటే ఫ్లెక్సీ. బెంగళూరు నుంచి ఆ పెద్ద సంస్థ పెద్ద సారు స్వయంగా వచ్చి ప్రారంభిస్తారట. శిబిరం ఫలించిందని ఆయన రాస్తే మా కేంద్రానికి మళ్లీ పనులు వస్తాయి. చోటు కూడా నిర్ణయమైంది. పెద్దమ్మ ఇంటి ముందు వాకిలి విశాలంగా ఉందని ఆ ఊరి వాళ్లెవరో చెప్పారట.

"సార్, వీళ్లకు ప్రేమ లేక కాదు. బయటికి చెప్పరు, అంతే" అన్నాను.

"చెప్పనిదాన్ని ఎలా కొలుస్తాం మేడం?" అన్నారు డైరెక్టరుగారు. నాకు ఒళ్లు మండింది.

శిబిరానికి ఇంకా కొన్ని రోజులుందనగా ఫోన్ మోగింది.

"మేడం, నేను. ఎనుమామెను."

"చెప్పు పెద్దమ్మా."

"ఆ పొద్దు ఒగ సారును తోలుకొచ్చినావే, గేదె గేదె అంటా ఉండె, ఆయప్ప నోట్లో మన్ను వడ! ఆ పొద్దు నుంచి పాలు తగ్గుతా వచ్చె, ఇప్పుడు నా ఎనుము అసలు చేపల్యా మేడం. మాపటేల చేపల్యా, పొద్దన చేపల్యా. పొదుగు రాయి మాదిరి ఉంది. నేనేం జేయల్ల ఇప్పుడు?"

చేపకపోవడమంటే పొదుగులో ఉన్న పాలను కిందికి వదలకుండా బిగబట్టడం. నేను ఆ పూటే బస్సెక్కాను. ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల దగ్గర బస్సు మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి చూసి సీట్లోంచి లేచి నిలబడ్డాను. లెక్కల సారు తీసిన ఫొటో, రెండంతస్తుల ఎత్తున, ఫ్లెక్సీ అయి నిలబడింది. ఫ్లాష్‌కు మెరిసే కళ్లు, నిండు పొదుగు, కింద "జంతువులను ప్రేమిద్దాం" అన్న అక్షరాలు, ఒక మూల చేతులు జోడించిన డైరెక్టరుగారు. ప్రభువా, పెద్దమ్మ ఈ వారం ఆళ్లగడ్డకు రాకుండా చూడు అని ప్రార్థించాను. పాలు పట్టుకుపోయే హోటలాయన అప్పటికే ఆమెకు చెప్పేశాడని నాకేం తెలుసు?

"నాలుగు రోడ్ల కాడ నిలబెట్టినారంటనే నా ఎనుమును!" అని గడప దగ్గరే అందుకుంది. "బస్సుల్లో పోయేటోళ్లు, లారీల్లో పోయేటోళ్లు, అందురూ దాని పొదుగే చూస్తాండారంట! ఇంగ అదెట్ల చేపుతాది చెప్పు?"

పశువుల డాక్టరు వచ్చి చూసి పోయాడట. రోగమేమీ లేదు, దేనికో బెదిరింది అన్నాడట. నా అనుమానం ఆ ఫ్లాష్ మీద. కానీ ఆ మాట అక్కడ అంటే ఎవరు వింటారు?

"ఆదివారం సంతకు తోలేదే" అన్నాడు పెద్దాయన మంచం మీద నుంచి. "దలాలితో మాట్లాడినా. పాలియ్యని ఎనుముకు గడ్డి యాడ తెద్దు? ఎండ చూడు ఎట్లుందో."

ఆయన క్రూరుడు కాదు. ఆ మాట అంటున్నంతసేపూ గోడ వైపే చూశాడు. పాలివ్వని ఎనుము సంతకు పోతే అక్కడి నుంచి ఏ లారీ ఎక్కుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. శిబిరం శనివారం. ఆ తెల్లారే సంత.

పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఇంత దూడప్పుడు తెచ్చినా దీన్ని. ఎవురి నోట పడిందో ఆ నోటితోనే పోవల్ల మేడం. ఆయప్ప రావల్ల. కాలికింద మన్నియ్యల్ల. దాని మొగం చూసి, నువ్వు పనికిమాలిందానివి అని ఆయప్పే చెప్పల్ల. లేకుంటే మీ మీటింగు నా వాకిట్లో జరగదు."

సరే తీసుకొస్తానన్నాను. మా నాయన వింటే ఏమనేవాడో ఆలోచించలేదు.

ఫ్లెక్సీ మాత్రం దిగలేదు. పెద్ద సారు చూడకుండా దించేది లేదని డైరెక్టరుగారు భీష్మించారు. చివరికి పెద్దమ్మే ఒక మెట్టు దిగి, దానికి దిష్టి చుక్క అయినా పెట్టమంది. నల్ల ఎనుముకు నల్ల చుక్క పెడితే ఎక్కడ కనబడుతుంది? సున్నం కలిపాం. అప్పటికే సరిగ్గా అన్నం తినలేకపోతున్న లెక్కల సారు తానే నిచ్చెన ఎక్కాడు. సగం దాకా ఎక్కి కిందికి చూసి, "మేడం, ఎంత వ్యాసం ఉండాలండీ?" అని అడిగాడు. పెట్టవయ్యా బాబూ అన్నాను. ఎనుము దవడ మీద తెల్లగా విస్తరాకంత చుక్క వెలిసింది. డైరెక్టరుగారు అది చూసి, తన ఎదుగుదల గిట్టనివాళ్లెవరో చేసిన పని అని రెండు రోజులు మండిపడ్డారు. మేమిద్దరం కూడా ఆయనతో కలిసి విచారించాం.

శనివారం సాయంత్రం. వాకిట్లో షామియానా, కుర్చీలు, మైకు. ఊరు ఊరంతా వచ్చింది. ప్రేమ నేర్చుకోవడానికి కాదులెండి, గేదె సారును చూడటానికి. పెద్ద సారు కారు ఇంకా ఆళ్లగడ్డ దాటలేదని తెలిసి, అంతలోపు పని ముగించేద్దామని లెక్కల సారును కొట్టం దగ్గరికి తీసుకుపోయాను. ఆయన బూట్లు విప్పి, పరీక్ష హాల్లోకి పోయే కుర్రాడిలా నిలబడ్డాడు.

పెద్దమ్మ ఆయన అరికాళ్ల కింది మన్ను గీకి తీసుకుంది. ఉప్పు, ఎండుమిరపకాయలు కలిపి గుప్పిట పట్టి, ఎనుము చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. అందరం ముక్కులు ఎగబీల్చాం. ఎవరికీ దగ్గు రాలేదు.

"చూసినారా, గాటే రాల్యా! ఎంత దిష్టి పెట్నాడో మహానుభావుడు!" అన్నారెవరో.

"నిజంగానే రాలేదండీ" అన్నాడు లెక్కల సారు ఆశ్చర్యంగా. గాలి అటువైపు వీస్తోందని నేను గమనించాను, కానీ ఆ సమయంలో గాలి గురించి ఉపన్యాసం ఇచ్చే ధైర్యం లేకపోయింది.

"ఇంగ తిట్టు సారూ" అంది పెద్దమ్మ.

ఆయన ఎనుము ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా గేదె... నువ్వు మరీ అంత గొప్పగా... ఏమీ లేవమ్మా."

"ఏందది? తిడతాండావా, దీవిస్తాండావా?"

"ముసిల్దానా అను సారూ" అని మంచం మీద నుంచి పెద్దాయన అందించాడు.

"ముసలిదానివండీ."

ఊరు గొల్లుమంది. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె కళ్లు ఎనుము మీదే ఉన్నాయి. లెక్కల సారు చెమటలు తుడుచుకుంటూ నా వైపు వంగి, "నా వల్ల కాదు మేడం. ఆ గేదె నిజంగా బాగుందండీ" అన్నాడు. గుసగుసగానే అన్నాడు గానీ, పెద్దమ్మ చెవిన పడనే పడింది.

"అయ్యో, మల్లా పొగడతాండాడే!" అని ఆమె కేక పెట్టింది.

ఆ పొగడ్తను పూడ్చేయడానికి ఊరంతా ఒక్కసారిగా అందుకుంది. "పనికిమాలిందానా!" "ఎముకల గూడా!" "థూ, నీ మొగం మండ!" ముసలీ ముతకా, ఆడా మగా, గుండ్రంగా నిలబడి ఒక ఎనుమును నోరారా తిడుతున్నారు. సరిగ్గా అప్పుడే పెద్ద సారు కారు దిగారు. శాలువా కప్పడానికి వెంట పరుగెత్తుకొచ్చిన డైరెక్టరుగారు, ఆయనా, ఇద్దరూ కొట్టం ముందు కొయ్యబారిపోయారు. పెద్ద సారుకు తెలుగు సగం సగం వచ్చు. మిగతా సగం కన్నడంతో నింపుతారు, ఎనుము ఆయనకు ఎమ్మె, తిట్టడం బయ్యడం.

"ఆ ఎమ్మె ఏం చేసింది? ఎందుకు అందరూ అట్లా బయ్యిస్తున్నారు?" అని అడిగారు.

"ఇందుకే సార్, ఈ ఊళ్లో శిబిరం పెట్టాల్సి వచ్చింది" అన్నారు మా డైరెక్టరుగారు క్షణం కూడా తడుముకోకుండా. ఆయన సమయస్ఫూర్తికి నేను అప్పుడూ నమస్కారం పెట్టాను, ఇప్పుడూ పెడతాను.

ఆ గోలలో లెక్కల సారు ఎనుము చుట్టూ నెమ్మదిగా తిరుగుతున్నాడు. కళ్లద్దాలు సర్దుకుని, వంగి, ముందూ వెనకా చూశాడు. ఉన్నట్టుండి ఆయన ముఖం వెలిగింది.

"పెద్దమ్మగారూ! దీని కొమ్ములు రెండూ సమానంగా లేవండీ! ఎడమది వంకర తిరిగింది!"

అందరూ కొమ్ముల వైపు తిరిగారు.

"తోక కాస్త పొట్టండీ. వెనక కాలు ఈడుస్తోంది. పెదవి మీద మచ్చ ఉంది. అన్నీ కలిపి చూస్తే..." ఆయన నిటారుగా నిలబడి, సభలో ఫలితం ప్రకటించినట్టు ప్రకటించాడు, "ఇది సగటు గేదె అండీ!"

"సగటంటే?" అంది పెద్దమ్మ.

"మామూలుది. ఇలాంటివి ఎక్కడైనా దొరుకుతాయండీ."

పెద్దమ్మ ఊపిరి వదిలింది. "ఆ! అదీ మాటంటే. పొండి ఇంగ, పొయి మీ మీటింగు జేసుకోండి."

జనం షామియానా కిందికి పోయారు. మైకులో పెద్ద సారు పశువుల మీద ప్రేమ ఎందుకు పెంచుకోవాలో చెప్పడం మొదలుపెట్టారు. పెద్దమ్మ నా చెయ్యి పట్టి కొట్టంలోకి లాక్కుపోయి, తపేలా నా చేతిలో పెట్టింది. ఎనుము పక్కన గొంతుకూర్చుని, దాని డొక్కకు చెంప ఆనించి, పొదుగు నిమురుతూ తిట్టడం మొదలుపెట్టింది. "ఓసి దొంగదానా, నీ తల పగల, ఏం పుట్టిందే నీకు? ఆ ముసిలాయన నిన్ను సంతకు తోల్తాడంటనే. ఇంటాండావా? నువ్వు పోతే నేను ఎవురిని తిట్టుకోవల్ల ఈ ఇంట్లో?" కన్నీళ్లు ఎనుము డొక్క మీద కారుతున్నాయి. అంతవరకూ ఈ తతంగమంతా నాకు చిరాగ్గా, నవ్వులాటగా ఉండింది. అప్పుడు మాత్రం తపేలా పట్టుకుని నేనూ ఆమె పక్కన గొంతుకూర్చున్నాను. బయట మైకులో ప్రేమ గురించి చెబుతున్న మాటలు ఇక్కడికి వినిపిస్తుంటే ఆ మైకు తీగ పీకేయాలనిపించింది.

ఎనుము ఒకసారి ఒళ్లు జలదరించి, కాళ్లు ఎడం చేసి నిలబడింది. తపేలా అడుగున మొదటి ధార పడిన చప్పుడు విన్నాను. తర్వాత ఇంకొకటి. కాసేపటికి నురగ పైకొచ్చి, బరువుకు నా చేతులు లాగాయి. పెద్దమ్మ కళ్ళు మూసుకుని పితుకుతూనే ఉంది. అయిపోయాక తపేలా మీద కొంగు కప్పి, నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఎవురికీ చెప్పొద్దు. చెప్తే మల్లా పోతాది."

వెనక్కి తిరిగితే, బూట్లు వేసుకునే ముందు కాళ్లు కడుక్కుందామని తొట్టి దగ్గరికి వచ్చిన లెక్కల సారు నిలబడి ఉన్నాడు. కొంగు కింద నుంచి నురగ తొంగిచూస్తున్న తపేలా ఆయనకు చక్కగా కనబడుతోంది. పెద్దమ్మ ముఖం పాలిపోయింది. ఈయన మళ్లీ నోరు విప్పితే ఏం గతి? ఆయన తపేలా వైపు నుంచి తల తిప్పుకున్నాడు. కాళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు.

షామియానా కిందికి పోయేసరికి పెద్ద సారు ఉపన్యాసం ముగించి నా కోసమే చూస్తున్నారు. డైరెక్టరుగారు ఆయనకు ఏదో ఎక్కించినట్టున్నారు. "మేడం, ఆ ఎమ్మె పాలు ఇవ్వడం లేదంట కదా. ఇప్పుడు ఇచ్చిందా? ఇస్తే చాలా మంచి ఉదాహరణ. ఈ శిబిరం వల్ల మార్పు వచ్చింది అని రాయవచ్చు."

డైరెక్టరుగారు ఆయన వెనక నుంచి కళ్లతోనే నన్ను బతిమాలుతున్నారు. ఒక్క అవును చాలు, మా కేంద్రం మెట్లు మరి కొన్నేళ్లు జనం ఎక్కుతారు. నాకు దిష్టి మీద నమ్మకం లేదు. అబద్ధమాడితే మా నాయన అన్నం పెట్టేవాడు కాదు. దూరంగా గడప దగ్గర పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నా పెదాల వైపే చూస్తోంది.

"లేదు సార్. ఒక్క చుక్క కూడా రాలేదు" అన్నాను.

పెద్ద సారు లెక్కల సారు వైపు తిరిగారు. "మీరు అక్కడే ఉన్నారు కదా. చూశారా?"

లెక్కల సారు కళ్లద్దాలు తీసి తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. నేను ప్రభువును తలచుకున్నాను.

"చూశానండీ" అన్నాడు. "పొదుగు ఖాళీ అండీ."

పొదుగు ఖాళీయే మరి. ఆ మాటకు డైరెక్టరుగారు కుర్చీలో కూలబడ్డారు. ఈ ప్రాంతపు రైతులకు పశువుల మీద ప్రేమ చాలా తక్కువనీ, ఒక్క శిబిరంతో అది పెరిగేది కాదనీ పెద్ద సారు రిపోర్టు రాశారు. మా గీత ఇప్పటికీ అందరికన్నా పొట్టిగానే ఉండి ఉంటుంది. ఆ తర్వాత ఆ సంస్థ మాకు పని ఇవ్వలేదు. కేంద్రం వేరే చిన్నా చితకా పనులతో నెట్టుకొచ్చింది, నేను రిటైరయ్యాను. మీరు ఎప్పుడైనా ఆ రిపోర్టు చదివితే, మా మీద జాలిపడకండి.

ఆ సాయంత్రం పెద్ద సారు కారెక్కే ముందు పెద్దమ్మ అందరికీ టీ ఇచ్చింది. గ్లాసు మీద మీగడ తెట్టు కట్టిన టీ. పెద్ద సారు ఒక గుక్క తాగి, ఆగి, గ్లాసులోకి చూశారు. "బహళ చెన్నాగిదె, చాలా బాగుంది! ఇంత చిక్కటి పాలు ఎక్కడివి?"

"ప్యాకెట్టువి సారూ. ఆళ్లగడ్డ నుంచి తెప్పిచ్చినా" అంది పెద్దమ్మ.

కంపెనీ పేరేమిటని ఆయన అడిగారు. ఆమె అక్షరాలు రానిదాన్నంది. లెక్కల సారు టీలోకి ముఖం దించుకున్నాడు. నేను దగ్గు వచ్చినట్టు నటించాను.

కారు ధూళి లేపుకుంటూ పోయింది. పెద్దాయన తన గ్లాసు చివరిదాకా తాగి, మీగడ వేలితో తీసి నాకి, పెద్దమ్మ వైపు ఒకసారి చూశాడు. దిండు కింద నుంచి ఫోన్ తీసి దలాలికి చేశాడు.

"అప్పా, రేప్పొద్దన రావద్దులే. ఆఁ, ఎనుము సంగతే. ఏముందిప్పా దాంట్లో అమ్మేదానికి? కొమ్ము వంకర, తోక పొట్టి. ఉత్త పనికిమాలిన ఎనుము. ఎవురు కొంటారు దాన్ని? మా కొట్టంలోనే పడుంటాదిలే."